గోడ కుర్చీ వెయ్యమంటే "నేనేం తప్పు చేశాను సార్" అంది

మొన్న జూలైలో సెవెంత్ క్లాసు పిల్లల్ని వరండాలోకి తీసుకొచ్చి, అందరూ గోడకి వీపు ఆనించి గోడ కుర్చీ వెయ్యండమ్మా అన్నాను. సగం మంది నవ్వారు, సగం మంది ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక పిల్ల మాత్రం కళ్ళనిండా నీళ్ళు పెట్టేసుకుని "నేనేం తప్పు చేశాను సార్" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. శిక్ష కాదమ్మా ఇది ఎక్సర్‌సైజు, చూడు నేను కూడా వేస్తున్నాను అని నేనూ ఆ గోడకే ఆనుకుని కూర్చున్నా. అప్పటికి గానీ ఏడుపు ఆపలేదు. ఆ రోజు సాయంత్రం బండి మీద ఇంటికొస్తూ అదే ఆలోచన. పదిహేడేళ్ళ నుంచి పీఈటీగా, అంటే వ్యాయామ మాస్టారుగా చేస్తున్నాను, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో, విజయనగరం వైపు. ఇన్నేళ్ళలో పిల్లల నడుము బలం, అదే ఇప్పుడు అందరూ కోర్ అంటున్నారే, దాని గురించి నేను నేర్పింది ఏమీ లేకపోగా, నేర్పాల్సినవన్నీ మేమంతా కలిసి శిక్షల ఖాతాలో వేసేశాం కదా అనిపించింది.

ఒక్కసారి లెక్కేసుకోండి. గోడ కుర్చీ శిక్ష. గుంజీళ్ళు శిక్ష. గ్రౌండు చుట్టూ పరుగు, లేటుగా వచ్చినవాడికి శిక్ష. మా తాతల కాలం వీధిబళ్ళలో అయితే కోదండం అని ఉండేది, దూలానికి తాడు కట్టి కుర్రాణ్ణి దానికి వేలాడదీసేవారు, చేతులు వదిలేస్తే కింద పడతాడు. ఇప్పుడు జిమ్ముల్లో నెలకి రెండు వేలు కట్టి జనం రాడ్డు పట్టుకుని వేలాడుతున్నారు, అది వేరే సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌తో బడిలో పిల్లల్ని శిక్షించడం నిషేధించారు, మంచిదే, వందల కొద్దీ గుంజీళ్ళు తీయిస్తే కండ చితికిపోయి కిడ్నీల మీదకి వస్తుంది, ఆటలు కాదు. కానీ శిక్ష పోయినా సిగ్గు పోలేదు. పిల్లాడి బుర్రలో గుంజీలు అంటే చెవులు పట్టుకోవడమే, నలుగురి ముందూ అవమానమే. వ్యాయామం అన్నదానికి మిగిలింది ఏంటయ్యా అంటే ఒక వాలీబాలు, ఒక ఈల, ఆగస్టు పదిహేనుకి మాస్ డ్రిల్లు. ఆ వాలీబాలు కూడా బాగా ఆడే పన్నెండు మందికి, మిగతావాళ్ళు చెట్టు కింద కూర్చుని చూస్తారు.

గోడ కుర్చీ ఎక్కువగా తొడలకి గానీ నడుముకి కాదు కదా మాస్టారూ అని తెలిసినవాళ్ళు ఎవరో అంటారు. నిజమే. కానీ బిందె ఎత్తేటప్పుడు తొడలు పని చెయ్యకపోతే ఆ పని నడుమే చేస్తుంది, నా నడుం అలాగే పోయింది, చెప్తాను.

ట్రైనింగ్ కాలేజీలో ఉన్నప్పుడు నేను రోజుకి వంద సిటప్స్ తీసేవాణ్ణి. పక్కవాడు చీలమండలు నొక్కి పట్టుకుంటే, తల వెనక చేతులు పెట్టి, పైకీ కిందకీ. పొట్ట మీద గీతలు కనిపించేవి, బనీను ఎత్తి మరీ చూపించుకునేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి, మండల స్థాయి పోటీల ముందు రోజు, ట్రాకు గీయడానికి తడి సున్నం బకెట్టు ఎత్తబోయాను, పెద్ద బరువేం కాదు, నడుం పట్టేసింది. పట్టెయ్యడం అంటే అలా వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయా, పిల్లలు నలుగురు పట్టుకుని బెంచీ మీద పడుకోబెట్టారు. స్కానింగులో అడుగు డిస్కు ఉబ్బింది అన్నారు. మూడు వారాలు మంచం. తర్వాత ఫిజియోథెరపీకి వెళ్తే ఆయన నన్ను ఒక పక్కకి తిరిగి, మోచేతి మీద, పాదాల మీద మాత్రమే ఆనుకుని ఒళ్ళంతా కర్రలా పెట్టి ఎంతసేపు ఉంటారో ఉండండి అన్నాడు. ఇరవై రెండు సెకన్లు! వంద సిటప్స్ తీసినవాణ్ణి, పదిమందికి వ్యాయామం నేర్పేవాణ్ణి, ఇరవై రెండు సెకన్లకి దబ్బున పడ్డాను. పొట్ట మీద గీతలకీ నడుం బలానికీ సంబంధం లేదని నాకు అర్థమైంది ఆ బల్ల మీదే.

అసలు ఈ కోర్ అంటే ఏంటి అని పిల్లలకి చెప్పాలంటే నేను మొలతాడు చూపిస్తా. మొలతాడు ఎలా నడుం చుట్టూ తిరిగి ఉంటుందో అలా చుట్టూ ఉండే కండలన్నీ, ముందు పొట్టవి, పక్కన డొక్కలవి, వెనక వెన్నుపూసల పక్కన తాళ్ళలా ఉండేవి, పైన మూతలాగా ఊపిరి కండ, కింద అడుగులాగా కటి కండలు. ఒక డబ్బా అనుకోండి. ఆ డబ్బా మధ్యలోంచి వెన్నెముక వెళ్తోంది. చుట్టూ అన్ని వైపులా సమానంగా బిగిస్తేనే అది నిలబడుతుంది, టెంటు గుంజకి నాలుగు వైపులా తాళ్ళు కట్టినట్టు, ఒక పక్క తాడు మాత్రం గట్టిగా లాగి మిగతావి వదిలేస్తే గుంజ ఏమవుతుందో పెళ్ళి పందిరి వేసినవాడిని అడగండి. సిటప్స్ చేసేది అదే, ముందు తాడు ఒక్కటే లాగడం. ఈ కండల పని వంచడం కన్నా, వంగిపోకుండా ఆపడం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్ళు 1996లో ఒక చిన్న విషయం చూపించారు, నడుం నొప్పి లేని మనిషి చెయ్యి పైకెత్తబోతే చెయ్యి కన్నా ముందే పొట్ట లోపలి కండ బిగుస్తుందట, నొప్పి ఉన్నవాళ్ళలో అది ఆలస్యంగా బిగుస్తుందట.

దీన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో బ్రేసింగ్ అంటారు. మనకి దాని కోసం కొత్త మాట అక్కర్లేదు, నడుం బిగించడం అని ఎప్పటినుంచో ఉంది. రైల్వే స్టేషన్లో, మార్కెట్ యార్డులో హమాలీలని చూడండి, బస్తా కిందకి వెళ్ళే ముందు తుండుగుడ్డ నడుంకి బిగించి, ఊపిరి లోపలికి తీసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేస్తారు. వాళ్ళకి ఏ యూనివర్సిటీ చెప్పింది? మనం మాత్రం "సమాజ సేవకు నడుం బిగించిన యువత" అని పేపర్లో రాసుకోవడానికి ఆ మాట వాడుకుంటున్నాం, అసలు నడుం బిగించడం మర్చిపోయాం.

ఈ వైపువాడిగా ఇక్కడ ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. కోడి రామ్మూర్తి నాయుడు గారు వీరఘట్టం మనిషి, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్నాడు, కార్లని ఆపాడు అని అందరూ చెప్పుకుంటారు గానీ, ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ తీసుకుని వచ్చి విజయనగరంలో తాను చదివిన స్కూల్లోనే వ్యాయామం నేర్పే ఉద్యోగం చేశాడని చాలామందికి తెలీదు. అంటే మా పీఈటీ వాళ్ళ మనిషి అన్నమాట, ఆ మాత్రం గర్వం ఉంటుంది కదా. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంపేవాడంటారు. కండ ఒక్కటే కాదు, ఊపిరిని ఎక్కడ నిలపాలో తెలిసిన మనిషి. మన పిల్లలకి గొలుసులు తెంపడం అక్కర్లేదు, పన్నెండు లీటర్ల బకెట్టు దగ్గర ఆ పావు వంతు తెలివి చాలు.

సరే, సిటప్స్ సంగతికి వస్తా, ఎందుకంటే నాకు కోపం అంతా అక్కడే. స్కూలు పిల్లల ఫిట్‌నెస్ టెస్టుల చరిత్ర తవ్వితే నాకొక విచిత్రం కనిపించింది. అమెరికాలో హాన్స్ క్రాస్, సోన్యా వెబర్ అని ఇద్దరు డాక్టర్లు న్యూయార్క్‌లో నడుం నొప్పి రోగుల్ని చూసి చూసి, నొప్పికి పైకి కనిపించే కారణం దొరకని చాలామందిలో ఉన్నది కండ బలహీనత, బిగుతు అని తేల్చి, ఆరు చిన్న పరీక్షలు పెట్టారు. వెల్లకిలా పడుకుని కాళ్ళు ఎత్తి పది సెకన్లు ఉంచడం, బోర్లా పడుకుని ఛాతీ ఎత్తి పది సెకన్లు, అలాంటివి. వాటినే స్కూలు పిల్లలకి పెడితే అమెరికా పిల్లల్లో సగానికి పైగా, దాదాపు 58 శాతం, ఒక్కటైనా తప్పారు, యూరప్ పిల్లల్లో తప్పింది 9 శాతం లోపే. అది ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ చెవిన పడి, 1956లో పిల్లల ఫిట్‌నెస్ కోసం ఏకంగా ఒక కౌన్సిలే పెట్టారు. ఆ పరీక్ష మీద విమర్శలు లేకపోలేదు, ఎక్కువమంది తప్పింది వంగి నేల ముట్టుకోవడంలోనే, అది బలానికి పరీక్ష ఎలా అవుతుంది అన్నారు. అయినా చూడండి, మొదలైంది నడుం నొప్పి దగ్గర. ఆ తర్వాత అది ఎక్కడికి పోయింది? నిమిషానికి ఎన్ని సిటప్స్, ఎన్ని మీటర్లు, ఎన్ని సెకన్లు. అంకెలే మిగిలాయి.

కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో స్టువర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసరు జీవితమంతా వెన్నెముక మీదే పని చేశాడు. ఆయన ల్యాబ్ లెక్కల ప్రకారం ఒక్క మామూలు సిటప్ నడుం పూసల మీద సుమారు 3,300 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది, మన భాషలో 330 కిలోల పైన బరువు. కార్మికుల నడుం మీద ఇంతకన్నా పడకూడదు అని అమెరికాలో వృత్తి భద్రత చూసే సంస్థ గీసిన గీత 3,400. అంటే రోజుకి వందసార్లు నేను ఆ గీత దగ్గర దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి, సంతోషంగా, బనీను ఎత్తి చూపించుకుంటూ. ఆయన పంది వెన్నుపూసల్ని వేలసార్లు వంచి చూపించిన ప్రయోగాలని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, చచ్చిన కండ వేరు బతికిన కండ వేరు, బతికినది అలవాటు పడి గట్టిపడుతుంది కదా అంటారు, ఆ వాదనలో కూడా పస ఉంది. కానీ సైన్యాలు కూడా వదిలేశాయే! అమెరికా ఆర్మీ తన పాత టెస్టులోని సిటప్స్ తీసేసింది, 2022 నుంచి ప్లాంక్ పెట్టింది, అంటే మోచేతులు, పాదాల మీద ఆనుకుని ఒళ్ళంతా కర్రలా నిలిపి ఉంచడం. వాళ్ళ మెరీన్ సైనికులు 2023 నుంచి క్రంచెస్, అంటే సగం లేచే సిటప్స్, మానేసి ప్లాంకే. తుపాకీ మోసేవాళ్ళే వద్దనుకున్నదాన్ని మనం పదకొండేళ్ళ పిల్లలతో ఈల వేసి మరీ చేయిస్తున్నాం.

మన ఖేలో ఇండియా టెస్టు, అంటే కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకి పెట్టే ఫిట్‌నెస్ టెస్టు సంగతి చెప్తా. తొమ్మిదేళ్ళ పైబడిన పిల్లలకి ఎత్తు బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్లు, కూర్చుని ముందుకి చాపడం, పుషప్స్, 30 సెకన్లలో పార్షియల్ కర్లప్స్. పూర్తి సిటప్ కాకుండా సగం లేవడం పెట్టారు, అది నయం, ఆ మేరకి మెచ్చుకోవాలి. కానీ ముప్పై సెకన్లలో ఎన్ని అనగానే పిల్లాడు ఏం చేస్తాడు? మెడ గుంజుతాడు, నడుం నేలకేసి కొడతాడు, ఊపుతో లేస్తాడు. పక్కవాడు ఇరవై రెండు తీశాడంటే వీడు ఇరవై మూడు తీసి తీరాలి. మొలతాడులో ముందు భాగం ఒక్కటే చూశాం, వెనకది చూళ్ళేదు, పక్కలవి చూళ్ళేదు. డెన్మార్క్‌లో బీరింగ్ సోరెన్సెన్ అనే ఆయన 1984లోనే చెప్పాడు, బోర్లా పడుకోబెట్టి నడుం పైభాగం బల్ల బయటికి ఉంచి గాల్లో ఎంతసేపు నిలపగలరో చూస్తే, ఎక్కువసేపు నిలిపిన మగవాళ్ళకి తర్వాత ఏడాదిలో కొత్తగా నడుం నొప్పి తక్కువగా వచ్చిందని. ఎంత గట్టిగా అనేది కాదు, ఎంతసేపు అనేది. నిలుపుకోవడాన్ని మనం ఎక్కడా కొలవట్లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటా, ఒక ఏడాది టైము లేక సగం క్లాసు అంకెలు నేను టేబుల్ దగ్గర కూర్చుని అంచనాగా రాసి యాప్‌లో ఎక్కించాను. ఆ ఏడాది మా పిల్లలు చాలా ఫిట్‌గా ఉన్నారు.

నడుం నొప్పి అనగానే అందరికీ గుర్తొచ్చేది బ్యాగు. బ్యాగు బరువు మీద మాట్లాడటం తేలిక, ఎవరికీ కోపం రాదు, ఫొటో కూడా బాగుంటుంది. 1993లో పిల్లల చదువు భారం మీద యశ్‌పాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టు దగ్గర్నుంచి చెప్తూనే ఉన్నారు, 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో పిల్లాడి బరువులో పదో వంతు మించకూడదు అన్నారు, ఎనిమిదో తరగతికి రెండున్నర నుంచి నాలుగు కిలోలు. నేను మా కిరాణా షాపు తూకం తెచ్చి మా వీధిలో ప్రైవేటు స్కూలుకెళ్ళే ఆరో క్లాసు పిల్ల బ్యాగు తూస్తే ఏడు కిలోల పైన ఉంది, ఆ పిల్ల బరువు ముప్పై రెండు. మా బడిలో అంత లేదు గానీ, ఒక పేజీ ఇంగ్లీషు పక్క పేజీ తెలుగు అని రెండు భాషల పుస్తకాలు వచ్చాక లావయ్యాయి, అందుకే సెమిస్టర్లుగా విడగొట్టారు. తగ్గించాల్సిందే, నాకు రెండో మాట లేదు. కానీ ఒక నిజం కూడా చెప్పాలి, 2018లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు 69 అధ్యయనాలు, 72 వేలకి పైగా పిల్లల లెక్కలు కలిపి చూస్తే బ్యాగు వల్లే నడుం నొప్పి వస్తోందని గట్టి రుజువు దొరకలేదు. నాకు మొదట చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత ఆలోచిస్తే, నడుం అన్నాక బరువు మొయ్యాలి కదా, మొయ్యడానికే కదా అది ఉంది. ఏడు కిలోలు తప్పే, కానీ ఆ ఏడు కిలోలూ తీసేసి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆ పైన స్టడీ అవర్ తొమ్మిది దాకా బెంచీ మీద కూర్చోబెడితే నడుం బాగుపడుతుందా? గ్రౌండు లేకుండా అపార్ట్‌మెంటులో నడిచే స్కూలుకి పర్మిషన్ ఎలా వచ్చిందో అడగం, బ్యాగు మాత్రం తూస్తాం.

పల్లెటూరి పిల్లలకి వ్యాయామం ఎందుకండీ, వాళ్ళు పొలం పనులు చేస్తారుగా అని నాతో అన్న వాళ్ళలో టీచర్లే ఎక్కువ. అయ్యా, మా పిల్లలు పొలం వెళ్ళట్లేదు, ఆటోలో బడికొచ్చి ఆటోలో ఇంటికెళ్ళి ఫోను పట్టుకుంటున్నారు, పొలం వెళ్ళేది వాళ్ళ అమ్మలు. నాట్ల రోజుల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంగినవాళ్ళు వంగినట్టే ఉంటారు, రాత్రికి నడుంకి జిందా తిలిస్మాతో అమృతాంజనమో రాసుకుని పడుకుంటారు. అది పని, వ్యాయామం కాదు. పని ఒంటిని వాడుకుంటుంది, వ్యాయామం ఒంటికి పెట్టుబడి పెడుతుంది, రెండూ ఒకటంటే ఎలా. ఒకప్పుడు ఆ పెట్టుబడి ఆటల్లో ఉండేది, ఎవరూ కోర్ అని పేరు పెట్టలేదు గానీ. తొక్కుడు బిళ్ళ చూడండి, ఒంటికాలి మీద కుంటుకుంటూ వెళ్ళి, ఆ ఒంటికాలి మీదే వంగి బిళ్ళ తీసుకుని, గీత తొక్కకుండా వెనక్కి రావాలి. ఇదే పనికి ఫిజియోథెరపీ సెంటర్లో సిట్టింగుకి ఐదొందలు. ఒంగుళ్ళు దూకుళ్ళు, చెట్టెక్కి ఆడే కోతికొమ్మచ్చి, కబడ్డీలో కూత పెట్టి గీత దాటాక నలుగురు పట్టుకుంటే మెలికలు తిరగడం, ఖోఖోలో ఎనిమిది మంది గొంతుకు కూర్చుని ఖో అనగానే లేచి పరిగెత్తడం. అసలు గొంతుకు కూర్చోవడమే పోయింది, ఎయిత్ క్లాసులో ముప్పై ఎనిమిది మందిని మడమలు ఆనించి కూర్చోమంటే పదకొండు మంది వెనక్కి పడిపోయారు, వాళ్ళలో ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ లేనివాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి దాని మీదకి నెట్టేయడానికి లేదు.

పనికట్టుకుని ఎక్కిస్తే పిల్లలు ఎంత దూరం వెళ్తారో మనకి తెలియంది కాదు. 2014 మే 25న మలావత్ పూర్ణ పదమూడేళ్ళకి ఎవరెస్టు ఎక్కింది, సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల, మొదట కొండ ఎక్కడం నేర్చుకుంది భువనగిరి గుట్ట మీద. రాతి మీద వేళ్ళతో వేలాడే మనిషికి బలం చేతుల్లోంచి వస్తుందనుకుంటాం, నడుం బిగించకపోతే కాలు జారినప్పుడు ఒళ్ళంతా తలుపులా తెరుచుకుపోతుంది. అందర్నీ ఎవరెస్టు ఎక్కించమని కాదు నేననేది. మా స్కూల్లో అయితే కొండ లేదు, వరండా ఉంది.

వరండాలో ఏం చేస్తున్నానంటే, ముందు కింద పరవడానికి కావాలి, చాపలు కొనమంటే డబ్బుల్లేవు అన్నారు. ఊళ్ళో ఫ్లెక్సీలకి కొదవా? పుట్టినరోజులు, జాతరలు, ఎలక్షన్లు, అన్ని పార్టీలవీ అడిగి తెచ్చాను, మొహాలు కిందకి తిప్పి పరిచాం, పార్టీ గొడవలు రాకుండా. వారానికి మూడు రోజులు, పీరియడ్ మొదట్లో తొమ్మిది పది నిమిషాలు, అంతే. మెక్‌గిల్ చెప్పిన మూడింటినే తీసుకున్నాను, పేర్లు పిల్లలు పెట్టారు. ఒకటి బల్లి, చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి ఉండి కుడి చెయ్యి ముందుకి ఎడమ కాలు వెనక్కి చాపి పది సెకన్లు ఆగడం, నడుం మీద డస్టరు పెడితే పడకూడదు, డస్టరు పడితే అందరూ నవ్వుతారు, వాళ్ళే సరిచేసుకుంటారు, నేను చెప్పక్కర్లేదు. రెండోది నిచ్చెన, నన్ను ఇరవై రెండు సెకన్లకి పడేసిన ఆ పక్క ప్లాంకే, చిన్నపిల్లలకి మోకాళ్ళు ఆనించి. మూడోది చిట్టి లేపు, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, నడుం కింద ఉండే ఖాళీలో అరచేతులు పెట్టి, తలా భుజాలూ కొంచెమే లేపి ఆగడం, మెడ వంచకూడదు. ఎన్ని తీశావు అని అడగను, పది సెకన్లు ఆగు, దించు, మళ్ళీ. నిమిషాల కొద్దీ ప్లాంక్ పట్టించే పోటీలు పెట్టను, రెండు నిమిషాలు వణుకుతూ నిలబడినవాడి నడుం మధ్యలో గుంటపడిపోయి ఉంటుంది, చూడండి కావాలంటే. నాలుగోది నా సొంతం, తుంటి దగ్గర వంగడం. చీపురు కర్ర వీపు మీద నిలువుగా పెట్టుకుని తలకి, వీపుకి, పిరుదులకి మూడు చోట్లా తగులుతూ ఉండగా వంగాలి, కర్ర ఎక్కడ వదిలితే అక్కడ నడుం వంగినట్టు. ఆ తర్వాత నీళ్ళ బకెట్టు ఎత్తిస్తా. ఒకడు ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకి నేర్పాడట, సిమెంటు బస్తాలు మోసే మనిషి ఆయన, "నాకు చెప్పొచ్చావా" అని ఒకటి వేశాడట.

ఆడపిల్లల సంగతి వేరేగా చూసుకోవాలి, ఇది మగ పీఈటీలు మాట్లాడరు. గ్రౌండు మధ్యలో అందరి ముందూ పడుకో, కాలెత్తు అంటే ఎయిత్ నైన్త్ పిల్లలు చెయ్యరు, చున్నీ సర్దుకోవడానికే రెండు చేతులూ పోతాయి. కడుపునొప్పి సార్ అని పక్కన కూర్చుంటారు, అది అబద్ధం కాదు, నిజం కూడా కాదు, మధ్యలో ఏదో. వాళ్ళకి క్లాస్‌రూమ్ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, సోషల్ మేడమ్ గారిని ఉండమని బతిమాలాను. ఆవిడకి ఒక్కసారి చూపిస్తే చాలు, నాకన్నా బాగా చేయిస్తున్నారు. అక్కడ ముప్పై మందిలో పక్కన కూర్చునేది ఇప్పుడు ఒకళ్ళో ఇద్దరో.

కోర్ కోర్ అని దాన్నో దేవుణ్ణి చెయ్యడం కూడా నాకు ఇష్టం లేదు. యూట్యూబ్‌లో సర్వరోగనివారిణి లాగా అమ్ముతున్నారు. పెద్దవాళ్ళలో నడుం నొప్పికి ప్రత్యేకంగా కోర్ వ్యాయామాలే చెయ్యాలా, ఏ వ్యాయామం చేసినా చివరికి అంతే మేలా అని పరిశోధకులే కొట్టుకుంటున్నారు, నిద్ర, దిగులు, భయం కూడా నొప్పిలో భాగం అంటున్నారు. నేనేం నడుం నొప్పి రాకుండా టీకా వేస్తున్నానని చెప్పట్లేదు. 2020 లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద నడుం నొప్పితో ఉన్నవాళ్ళు దాదాపు 62 కోట్లు, అంత మందిని పడేసిన దాన్ని పది నిమిషాల బల్లి ఆపుతుందా. నా వాదన అంతకన్నా చిన్నది. పదేళ్ళ బడిలో త్రిభుజం కోణాల మొత్తం ఎంతో నేర్పాం, వంగి బకెట్టు ఎలా ఎత్తాలో నేర్పలేదు. డబ్ల్యూహెచ్‌వో కూడా అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి గంట ఆట అని చెప్పి ఊరుకోలేదు, వారానికి కనీసం మూడు రోజులు కండకీ ఎముకకీ బలమిచ్చేవి ఉండాలి అంది. ఆ మూడు రోజులే నేనడిగేది.

అన్నట్టు పిల్లలు నడుం నొప్పి అంటే ప్రతిదానికీ వ్యాయామం మందు కాదు. రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, ఒంటేలు పట్టు తప్పడం, వీటిలో ఏదున్నా వెంటనే డాక్టరు దగ్గరికి, మన దేశంలో వెన్నెముకకి టీబీ వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు. వంగమంటే వీపు ఒక పక్క ఎత్తుగా లేచేవాళ్ళని కూడా చూపించమంటాను. చీపురు కర్ర ఆటలో అలా ఒక పిల్లకి గమనించాం, ఎక్స్‌రేలో వంకర బయటపడింది, ఇప్పుడు ఆర్నెల్లకోసారి చూపించుకుంటోంది.

ఇంక పీరియడ్ దొంగతనం గురించి. పీఈటీగా పుట్టినవాడికి తప్పని బాధ ఇది, డిసెంబరు వచ్చేసరికి టెన్త్ వాళ్ళకి గేమ్స్ పీరియడ్ ఉండదు, లెక్కలకో సైన్సుకో పోతుంది. హెచ్చెమ్ గారు "మాస్టారూ, పిల్లల భవిష్యత్తు" అంటారు, నేనేదో వాళ్ళ గతం గురించి పని చేస్తున్నట్టు. జపాన్‌లో 1928 నుంచి రేడియోలో పాట వేసి ఊరంతా మూడు నిమిషాలు కసరత్తు చేస్తున్నారు, వేసవి సెలవుల్లో పిల్లలు పొద్దున్నే ఆరున్నరకి గుమిగూడి చేస్తారు. ఆ మూడు నిమిషాలకి కూడా ఇక్కడ సిలబస్ అడ్డొస్తుంది. ఈసారి నేను ఒక బేరం పెట్టాను, పీరియడ్ తీసుకోండి సార్, మొదటి పది నిమిషాలు నాకివ్వండి, మీరు అక్కడే ఉండండి అని. లెక్కల మాస్టారు ఒప్పుకున్నారు. పాపం ఆయనకీ నడుం బెల్టు ఉంది, ఇరవై ఆరేళ్ళు బోర్డు దగ్గర నిలబడ్డ మనిషి. మొదట వారం చాక్‌పీసు పట్టుకుని గుమ్మంలో టైము చూసుకుంటూ నిలబడేవారు. తర్వాత కుర్చీ తెచ్చుకున్నారు. ఒక బుధవారం పిల్లలందరూ పక్కకి తిరిగి ఉన్నప్పుడు వెనక వరసలో ఒక ఫ్లెక్సీ లాక్కుని, బెల్టు విప్పి కిటికీలో పెట్టి, మోకాళ్ళు ఆనించి ఆయన కూడా నిచ్చెన వేశారు. ఎవరూ చూడట్లేదనుకున్నారు. ముందు వరసలో ఎవడో తల తిప్పి చూసి మెల్లగా లెక్కపెట్టడం మొదలెట్టాడు, క్లాసంతా అందుకుంది. పద్నాలుగు దగ్గర పడ్డారు. "కుడిపక్కకి అంతే వస్తోంది మాస్టారూ, ఎడమ పక్క చూద్దాం ఉండండి" అని అటు తిరిగారు.